పేర్లు మోసుకొచ్చినవాడు

థెరాన్‌కు ఆ గాథ అంతా కంఠతా వచ్చు. అయినా, చనిపోయినవాళ్ళ పేర్ల దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు తడబడేది.

సముద్రం అవతలి కోటను గ్రీకులు ఏళ్ళ తరబడి ముట్టడించిన కథ అది. ఏజియన్ సముద్రంలోని ఒక చిన్న దీవిలో యూఫ్రాన్ అనే వృద్ధ గాయకుడు దాన్ని తన గురువు దగ్గర నేర్చుకొని, ఇప్పుడు థెరాన్‌కు నేర్పుతున్నాడు. వీరుల కోపం, రథాల దుమ్ము, తీరం పొడవునా మండిన చితులు పాడేటప్పుడు థెరాన్‌కు ఒళ్ళు తెలిసేది కాదు. కాని ఆ గాథకు ఒక పద్ధతి ఉంది. ఎవరో సామాన్య సైనికుడు ఈటె తగిలి కూలినప్పుడల్లా కథ అక్కడ ఆగుతుంది. అతని పేరేమిటో, అతడు ఎవరి కొడుకో చెబుతుంది. ఇంటి దగ్గర ఏ చెట్టుకు నీళ్ళు పోసేవాడో చెబుతుంది. ఆ తర్వాతే అతణ్ణి చావనిస్తుంది. శత్రువు పక్షం వాడైనా అంతే.

వసంతోత్సవంలో థెరాన్ మొదటిసారి ఒంటరిగా పాడవలసి ఉంది. ఒక సాయంత్రం సాధనలో అతడు ఆ పేర్లన్నిటినీ తీసివేసి, ‘మరికొందరు కూలిరి’ అన్న ఒక్క చరణంతో ఆ భాగాన్ని దాటేశాడు. కథ పగ్గం తెగిన గుర్రంలా పరుగెత్తింది.

"ఇలా బాగుంది కదా గురువుగారూ? జనం వచ్చేది వీరుడి కోసం. వాడి చేతిలో చచ్చినవాళ్ళ చెట్టూ చేమా వాళ్ళకెందుకు?"

యూఫ్రాన్ లేచాడు. చేతికర్రను గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు.

నిజానికి థెరాన్‌ది విసుగు కాదు, భయం. దీవి యువకులు అప్పుడు ఉత్తర తీరాన యుద్ధంలో ఉన్నారు. ఇంటికొకరు వెళ్ళాలన్నది ఊరి కట్టుబాటు. వాళ్ళ ఇంట్లో పెద్ద కొడుకు కనుక వెళ్ళవలసింది థెరానే. కాని కుండలు కాల్చే కుమ్మరి ఆవం దగ్గర పనిచేసే తమ్ముడు మిక్కోస్ డాలు తన భుజాన వేసుకున్నాడు. "నువ్వు పోతే ఊరికి పాట ఉండదన్నయ్యా. నేను పోతే కుండలు చేసేవాడు ఇంకొకడు దొరుకుతాడు" అని నవ్వుతూ ఓడ ఎక్కాడు. అప్పటినుంచి గాథలో ఎవరి పేరు పలికినా, దాని వెనుక థెరాన్‌కు ఇంకొక పేరు వినిపించేది. ఈ సంగతి అతడు ఎవరితోనూ అనలేదు.

ఉత్సవానికి ముందే, ఒక ఉదయం, తెరచాపకు నల్లగుడ్డ కట్టిన ఓడ రేవుకు వచ్చింది.

ఆ దీవిలో మృతుల పేర్లు రాసి పంపే ఆచారం లేదు. ఓడ నాయకుడు రేవులో చెబితే, ఊరి గాయకుడు విని, మనసులో నిలుపుకొని, కొండ మీది కూడలికి మోసుకొచ్చి ప్రకటిస్తాడు. దారిలో అతణ్ణి ఎవరూ ఏమీ అడగకూడదు. అతడు ఎవరి ముఖమూ చూడకూడదు.

యూఫ్రాన్ తన చేతికర్రను శిష్యుడి చేతిలో పెట్టాడు. "ఈసారి నువ్వు తీసుకురా."

దిగే దారిలో ఇళ్ళ తలుపులన్నీ ఓరగా తెరచి ఉన్నాయి. థెరాన్ పాదాలనే చూసుకుంటూ నడిచాడు. రేవులో ఓడ నాయకుడు ఒక్కొక్క పేరే చెబుతుంటే, ప్రతి పేరులో మొదటి అక్షరం వినేదాకా అతనికి ఊపిరాడలేదు. పేర్లు అయిపోయాయి. మిక్కోస్ పేరు రాలేదు.

నాయకుడు కళ్ళు నులుముకుంటూ చివర ఒక మాట చేర్చాడు. ఇంకా కొందరు పోయారనీ, ఇంకొక ఓడ తగలబడి నీళ్ళల్లో పడినవాళ్ళు ఎవరెవరో చూసుకునే వ్యవధి లేకపోయిందనీ అన్నాడు. థెరాన్ తల ఊపాడు. ఆ క్షణాన అతనికి తమ్ముడి పేరు లేదన్న సంగతి తప్ప మరేదీ చెవికెక్కలేదు. మరొక ప్రశ్న వేయకుండా, పరుగులాంటి నడకతో కొండ ఎక్కాడు.

కూడలిలో కర్ర నేలకు ఆనించి పేర్లు పలికాడు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క చోట గుంపు విచ్చుకుంది. అక్కడ ఒక స్త్రీ కుప్పకూలింది. మిగిలినవాళ్ళు బరువు దిగినట్టు ఊపిరి వదిలారు. చివరికి, సాధనలో నలిగిన గొంతు గనుక, ఆ మాట దానంతటదే చరణమై వచ్చింది.

"మరికొందరు కూలిరి."

ఇళ్ళకు మళ్ళినవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళలో ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ఎవరికీ హక్కు లేదు, ఇంటికి వెళ్ళడానికి ఎవరికీ ధైర్యం లేదు. వాళ్ళ మధ్య థెరాన్ తల్లి మిర్తో ఉంది. ఆమె కొడుకునే చూస్తూ నిలబడింది. ఆమె పక్కనున్న వలలు అల్లే ముసలామె మెల్లగా అడిగింది.

"ఆ మరికొందరు ఎవరి పిల్లలు నాయనా?"

థెరాన్ చేతిలోంచి కర్ర జారింది. యూఫ్రాన్ మెట్ల మీదినుంచి లేచి, వంగి దాన్ని తీసుకుని, రేవు వైపు నడిచాడు. థెరాన్ వెంట వెళ్ళాడు.

తగలబడిన ఓడనుంచి గాయాలతో బయటపడ్డ తెడ్లు వేసేవాళ్ళను ఇసుకలో చాపల మీద పడుకోబెట్టారు. వాళ్ళు వేరే దీవులవాళ్ళు. యూఫ్రాన్ వాళ్ళ మధ్య చతికిలబడ్డాడు. ఒక్కొక్కరికీ నీళ్ళు తాగించి, పక్క బల్ల మీద ఎవరు కూర్చునేవారో, అతడు ఏ మాట ఎక్కువగా అనేవాడో, ఏది చూస్తే భయపడేవాడో అడిగాడు. ఒకడు అంజూరపు పళ్ళు తొక్కతీసి తినేవాడట. మరొకడు గుర్రాన్ని చూస్తే వణికేవాడట. అలా గుర్తుకు గుర్తు కలిసి ఒక మనిషి తేలగానే, ఊళ్ళో అందరినీ ఎరిగిన యూఫ్రాన్ అతని పేరూ తండ్రి పేరూ శిష్యుడికి చెప్పేవాడు. శిష్యుడు తిరిగి పలికేవాడు.

కళ్ళకు కట్టుతో పడుకున్న ఒక యువకుడి దగ్గర చాలాసేపు పట్టింది.

"పేరు అడగలేదు పెద్దాయనా. చిన్నవాడని అందరం తమ్ముడూ అనే పిలిచాం. ఆవం దగ్గర కాలిందని గడ్డం కింద మచ్చ ఒకటి తడిమి చూపించేవాడు. వాళ్ళ అన్న గాయకుడని చెప్పి చెప్పి మా ప్రాణం తీసేవాడు. సరే, నువ్వూ ఒకటి పాడరా అంటే వీరుల కథ రాదు వాడికి. గాథలో చచ్చినవాళ్ళ పేర్లే వచ్చు."

"అవే ఎందుకు?" అన్నాడు యూఫ్రాన్.

"నేర్చుకునే రోజుల్లో అన్నకు అక్కడే తప్పులు పోయేవట. ఇంట్లో మళ్ళీ మళ్ళీ వల్లెవేస్తుంటే విని విని వీడికి వచ్చేశాయట. మంటలు అంటుకున్నప్పుడు కూడా గొణుగుతూనే ఉన్నాడు."

ఈసారి యూఫ్రాన్ పేరు చెప్పలేదు. కర్రను థెరాన్ వైపు చాచి, అలాగే పట్టుకున్నాడు.

అల ఒకటి వచ్చి ఓడ పక్కను కొట్టి వెళ్ళింది. థెరాన్ కర్ర అందుకున్నాడు.

"మిక్కోస్. సోసియాస్ కొడుకు."

"ఇంకా చెప్పు" అన్నాడు గురువు.

వాళ్ళు మళ్ళీ కొండ ఎక్కి వచ్చేదాకా కూడలిలో ఎవరూ కదలలేదు. థెరాన్ ఈసారి తల వంచుకోలేదు. ఒక్కొక్క పేరు పలికి, ఆ పేరుగల మనిషి తల్లి ముఖం చూసి, అతని గుర్తులన్నీ చెప్పాడు. గుర్రాలకు భయపడినవాణ్ణి గురించి చెప్పాడు. అంజూరపు పళ్ళ సంగతి చెప్పాడు. తొందరపడలేదు.

చివరికి తన తల్లి ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. తమ్ముడి పేరు, తండ్రి పేరు, ఆవం, గడ్డం కింద మచ్చ, నవ్వుతూ ఓడ ఎక్కడం, అతనికి వచ్చిన ఆ కాస్త పాట, ఏదీ వదలకుండా చెప్పాడు.

అంతా అయ్యేదాకా మిర్తో నిలబడే ఉంది. ఆ తర్వాతే నేల మీద కూర్చుంది.