నట్టింట్లో చేపల గోలెం

అనగనగనగా, కాలవ గట్టునే ఒక ఊరుందిట. ఆ ఊళ్ళో వరాలమ్మ అని ఒకావిడ. ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదమ్మా! తుడిచిన అరుగే మళ్ళీ తుడిచేది, తోమిన చెంబే మళ్ళీ తోమేది. పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూనే ఉండేది. అచ్చం నీలాగే. ఆ కాళ్ళు ఆడించకు, మంచం కిర్రుమంటోంది.

వరాలమ్మకి ఒక్కతే కూతురు, మంగ. ఓ ఎండాకాలం కాలవ కట్టేశారు. కట్టేయడమంటే, ఏటా మరమ్మతులకని పైనుంచి నీళ్ళు ఆపేస్తారుగా, అదన్నమాట. అప్పుడు ఎండిపోతున్న గుంటలో మూడు చేపపిల్లలు గిలగిలా కొట్టుకుంటూ మంగకి కనపడ్డాయి. చెంబుతో ముంచి ఇంటికి తెచ్చేసింది. "కాలవకి నీళ్ళొదిలేదాకా మా ఇంట్లో ఉండండి. తర్వాత నేనే తీసుకెళ్ళి వదిలేస్తాను" అని వాటికి మాట కూడా ఇచ్చింది.

అప్పుడు వరాలమ్మ నట్టింట్లో, కిటికీ వెలుతురు పడేచోట, పెద్ద మట్టి గోలెం పెట్టింది. అడుగున ఇసక పోసి, నాలుగు గులకరాళ్ళు వేసి, నీళ్ళు నింపింది. కొన్నాళ్ళకి గోలెం గోడలకి పచ్చగా పాచి పట్టింది. చేపలు ఆ పాచి కొరుక్కుంటూ, దాని చాటున దాక్కుంటూ హాయిగా తిరిగేవి. మంగ అన్నం కంచం కూడా గోలెం పక్కకే తెచ్చుకునేది.

ఇంతలో వరాలమ్మ ఆడపడుచు సూరమ్మ చుట్టపుచూపుగా వచ్చింది. వస్తూనే ముక్కుమీద వేలేసుకుంది.

"ఇదేంటే వరాలూ, నట్టింట్లో కుడితి గోలెం పెట్టావ్?"

కుడితంటే గేదెలు తాగే కడుగునీళ్ళు. ముచ్చటపడి పెట్టుకున్న చేపల గోలేన్ని పట్టుకుని కుడితంటే రోషం రాదూ? సూరమ్మ కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం వరాలమ్మ చెవిలో జోరీగలా ఉండిపోయింది. కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

ముందు కొబ్బరిపీచు తీసుకుని పాచంతా గీకిపారేసింది. గోలెం ఎర్రగా మెరిసింది. కానీ చేపలకి తినడానికీ లేదు, దాక్కోడానికీ లేదు. పాపం మూడూ ఓ మూల ఒదిగిపోయాయి.

ఆ తర్వాత, అడుగున తళుకు లేదనిపించింది. పగిలిన గాజుముక్కలు ఎప్పణ్ణించో దాచిపెట్టుకుంది, ఎరుపూ ఆకుపచ్చా, అవన్నీ ఇసకలో పోసింది. ఎండ పడితే ధగధగ! కానీ ఓ చేపకి పొట్ట గీరుకుంది. మంగ ఏడుస్తూ ఒక్కొక్క ముక్కా ఏరింది. "చూసే కళ్ళకైనా బాగుండద్దుటే?" అని వరాలమ్మే కూతుర్ని కసిరింది.

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? ఇంటికి వెల్ల వేయించగా కాస్త సున్నం మిగిలింది. గోడకి వేస్తే ఇల్లే మెరిసిపోయింది, గోలెం మెరవదా అనుకుంది. చేపల్ని బిందెలోకి తీసి, గోలెం లోపలంతా సున్నం పూసి, ఆరీ ఆరకముందే నీళ్ళు పోసి, చేపల్ని వదిలేసింది. లోపలంతా తెల్లటి తెలుపు. హమ్మయ్యా అని అప్పటికి చతికిలబడింది.

"అమ్మా, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయే!" అని అరిచింది మంగ.

"తెల్లగా ఉందని ముచ్చటపడుతున్నాయే పిచ్చిదానా."

"ముచ్చట కాదమ్మా, మంట! సున్నం మంట!"

వరాలమ్మ పరిగెత్తుకొచ్చేసరికి ఒక చేప వెల్లకిలా తేలిపోయింది. అవును తల్లీ, చచ్చిపోయింది. నాకూ బాధగానే ఉంది. మిగతా రెండింటినీ మంగ మంచినీళ్ళ బిందెలో వేసి, ఆ బిందెని రెండు చేతులా వాటేసుకుంది. వరాలమ్మ దగ్గరికి వస్తే ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నువ్వు ముట్టుకోకమ్మా. ఇంక వీటి జోలికి రాకు."

కన్నకూతురు ఆ మాటంటే ఏ తల్లికైనా గుండె తరుక్కుపోదూ?

అప్పుడు వరాలమ్మ కొంగు నడుముకి దోపుకుంది. సున్నం గోలేన్ని పెరట్లోకి దొర్లించేసింది. అటక మీంచి ఇంకో పాత గోలెం దింపింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలవ నీళ్ళాపే లాకుల దాకా నడిచి, అక్కడి మడుగులో మిగిలిన పచ్చటి నీళ్ళూ, పాచి పట్టిన రాళ్ళూ మోసుకొచ్చింది. గోలెం నింపి, పక్కకి జరిగి నిలబడింది. మంగే చేపల్ని అందులో వదిలింది.

ఇక అక్కణ్ణించి వరాలమ్మ పాట్లు చూడాలి! గోలెం దాకా వెళ్ళేది, వెనక్కొచ్చేది. చేతులు చంకల్లో పెట్టుకునేది. చెయ్యి దురద పుడితే పోయి వాకిలి ఊడ్చేది, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. మంగ మాత్రం తలుపు చాటునుంచి ఓ కంట కనిపెడుతూనే ఉండేది.

ఓనాడు సూరమ్మ మళ్ళీ దిగింది. "మళ్ళీ అదేనా? కనీసం ఆ పాచైనా గీకవే!" అంది. వరాలమ్మ గబుక్కున కొబ్బరిపీచు అందుకుంది. మంగ తలుపు చాటునుంచి బయటికొచ్చేసింది. వరాలమ్మ పీచు వంక చూసింది, చేపల వంక చూసింది, పీచుని తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది.

"అందులో ఉండేది మనం కాదుగా వదినా" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, "నీళ్ళొదిలార్రో!" అని ఊరంతా ఒకటే కేకలు. మంగ చేపల్ని బిందెలో వేసుకుని గట్టుకి పరిగెత్తింది. వరాలమ్మ కూడా వెళ్ళింది కానీ, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడిపోయింది.

మంగ వెనక్కి తిరిగి చూసింది.

"దా అమ్మా. నువ్వు వదులు."

వరాలమ్మ రేవు మెట్లు దిగింది. బిందెలో చెయ్యి పెట్టి, చేపల్ని దోసిట్లోకి తీసుకుని, మెల్లిగా కాలవ నీళ్ళలో ముంచింది. చేపలు రెండూ ఆ దోసిట్లోనే కాసేపు ఆగాయి, ఏ తొందరా లేనట్టు. అప్పుడు చూడాలి ఆవిడ చేతుల్ని! వేలు కూడా కదల్లేదు. అవి వాటంతటవే వెళ్ళేదాకా ఉంచింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. మంగే పక్కన కూర్చుని తుడిచింది.

ఊఁ, పడుకో మరి.

కథేమో కంచి దారి పట్టింది,
చేపేమో కాలవ లోతు చేరింది,
నిద్రేమో నీ రెప్ప మీద వాలింది.