ఇంట్లో లేవని కంప్యూటరు

దుకాణంలో పెడితే లేస్తుంది. ఇంటికి తీసుకుపోతే లేవదు. మద్దిలేటికి మూడు రోజులుగా అన్నం సయించకపోవడానికి కారణం ఇదే.

మద్దిలేటి నంద్యాలలో దస్తగిరి సాయబు దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. సాయబు ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు. ఆయన మాట్లాడటం తక్కువ, టీ తాగడం ఎక్కువ. శిష్యుడి చేతిలో మంచి పని ఉందని ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. అతనూ ఒప్పుకుంటాడు, అదీ అందరికంటే ముందే.

ఈమధ్యే బస్టాండు వెనక ఒక గది తీసుకున్నాడు. పేరు పెద్దక్షరాలతో బోర్డు రాయించాడు. శుక్రవారం సొంత దుకాణం తెరవాలని ముహూర్తం కూడా పెట్టుకున్నాడు. ఇక ఉస్తాద్ సరేనంటే చాలు. ఆయన సరేననకుండా తెరిచే ధైర్యం మాత్రం లేదు.

అడిగితే ఉస్తాద్ అన్నాడు: "సుంకులమ్మ కంప్యూటరు లేస్తలేదంట. అది బాగుచేసి రా. శుక్రవారం తెరుచుకో."

"అంతేనా ఉస్తాద్? గంటలో వస్తా" అని మద్దిలేటి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని ఈల వేసుకుంటూ పోయాడు.

సుంకులమ్మ పెళ్ళి రవికెల మీద మగ్గం పని చేస్తుంది. పూలు, తీగలు, నెమళ్ళు ముందు కంప్యూటరులో గీసుకుంటుంది, కాగితం మీద అచ్చు తీస్తుంది, ఆ తర్వాతే సూది పడుతుంది. పన్నెండేళ్ళుగా గీసిన బొమ్మలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. దసరా అయిపోయింది. కార్తీకం పెళ్ళిళ్ళు తరుముకొస్తున్నాయి.

మద్దిలేటి వెళ్ళేసరికి ఆమె కంప్యూటరు ముందు దిగులుగా కూర్చుని ఉంది. తెర మీద నెమళ్ళు లేవు. నీలం రంగు సెట్టింగుల పేజీ ఒకటి వచ్చి తిష్ఠ వేసింది. ఆపి మళ్ళీ వేసినా అదే పేజీ.

"ఆయుధపూజ చేసిన రోజు నుంచే ఇట్లయింది అబ్బాయా. ఆ రోజు నేను..." అని ఆమె మొదలుపెట్టింది.

"పూజకూ దీనికీ సంబంధం లేదమ్మా. మీరు కొంచెం లేచి పక్కకు జరగండి" అని మద్దిలేటి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె జరిగింది.

కంప్యూటరు బాగుచేసేవాళ్ళకు ఒక అలవాటుంది. తెర, కీబోర్డు ఇంట్లోనే వదిలేసి పెట్టె ఒక్కటే దుకాణానికి మోసుకొస్తారు. అక్కడున్న తెరకూ కీబోర్డుకూ దాన్ని తగిలించి చూస్తారు. మద్దిలేటి కూడా అట్లాగే తెచ్చాడు. మీట నొక్కాడో లేదో, నెమలి పురి విప్పుకుని తెర నిండా వచ్చి నిలబడింది.

"చూసినారా ఉస్తాద్. నా చెయ్యి పడితే చాలు" అన్నాడు.

ఉస్తాద్ టీ ఊదుకుంటున్నాడు.

పెట్టె ఇంటికి పోయింది. మళ్ళీ నీలం పేజీ. సుంకులమ్మ ఏదో చెప్పబోయింది. "ఉండండమ్మా" అని మద్దిలేటి పెట్టె భుజానికెత్తుకున్నాడు. దుకాణంలో మళ్ళీ నెమలి.

రెండో రోజు పెట్టె విప్పి దుమ్మంతా ఊదాడు. లోపలి చిన్న బ్యాటరీ మార్చాడు. మెమరీ ముక్కలు ఊడదీసి, బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్ది పెట్టాడు. దుకాణంలో బంగారంలా నడిచింది. ఇంట్లో మొండికేసింది. బాణం గుర్తుల బటన్లు ఒకసారి నొక్కితే వినేవి, ఇంకోసారి వినేవి కావు. లోపలి బోర్డే అట్లా చేయిస్తోందని తీర్మానించుకున్నాడు. కాసేపటికి, కాదు, ఇంటి కరెంటే సరిగ్గా లేదన్నాడు. గోడలో ప్రతి రంధ్రంలోనూ టెస్టరు పెట్టి చూశాడు. కరెంటు చక్కగా ఉంది.

పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసి, బల్ల దిక్కు బాగాలేదంది. పూజకూ దీనికీ సంబంధం లేదన్న మన మద్దిలేటే, ఎవరూ చూడని సమయం చూసి బల్లను తూర్పుకు తిప్పాడు. నీలం పేజీ తూర్పు ముఖంగా కూడా వచ్చింది.

మూడో రోజుకు తలప్రాణం తోకకొచ్చింది. పెట్టె తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టి చతికిలబడ్డాడు.

"ఇంక ఒకటే దారి ఉస్తాద్. అంతా తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కిస్తా."

"ఆమె గీసుకున్న బొమ్మలు?"

"కొన్ని పోతాయేమో. ఏం చేద్దాం మరి. రేపే శుక్రవారం."

ఉస్తాద్ సగం తాగిన టీ పక్కన పెట్టాడు. అది ఆయన ఎప్పుడూ చేయని పని. లేచి చెప్పులేసుకున్నాడు.

"పద" అన్నాడు.

సుంకులమ్మ ఇంట్లో మద్దిలేటి పెట్టె దింపి తీగలన్నీ తగిలించాడు. అలవాటుగా కుర్చీలో కూర్చోబోయాడు. అప్పటికే ఉస్తాద్ ఆ కుర్చీ తీసి, తన భుజం మీది తువ్వాలుతో తుడిచి, సుంకులమ్మ ముందు వేశాడు.

"కూర్చోమ్మా" అన్నాడు.

తను నేల మీద కూర్చున్నాడు. గురువు నేల మీద కూర్చున్నాక శిష్యుడు నిలబడి ఏం చేస్తాడు? అతనూ కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?"

మూడు రోజులుగా ఈ మాట కోసమే కాచుకున్నట్టు సుంకులమ్మ ముఖం విప్పారింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని సావకాశంగా మొదలుపెట్టింది.

"పూజనాడు తెల్లారే లేస్తిని దస్తగిరన్నా. మగ్గానికి బొట్టు పెట్టినా. కత్తెరకు పెట్టినా. మా ఆయన స్కూటరుకు కూడా నేనే పెట్టినా, ఆయనకు ఇవేవీ పట్టవు. అంతకుముందు రోజే చెప్పినా, నిమ్మకాయలు తెమ్మని. తెచ్చినాడా? తేలా."

మద్దిలేటి కదిలాడు. నిమ్మకాయల దాకా వచ్చిన కథ ఎప్పటికి తేలుతుందో అతనికి అర్థం కాలేదు. ఉస్తాద్ మాత్రం తల ఊపుతూ వింటున్నాడు.

"అన్నిటికీ పెట్టి దీనికి పెట్టకుంటే ఎట్లన్నా? నాకు అన్నం పెట్టేది ఇదే కదా. కానీ యాడ పెట్టాల? తెర మీద పెడితే బొమ్మ కనపడదు. అక్షరాల మీద పెడితే అక్షరం చెరిగిపోతుంది. చూసి చూసి, నేనెప్పుడూ నొక్కని బటను ఒకటుంటే దాని మీద పెట్టినా. పసుపు కొంచెం జారుగా కలిపింటి. అది సందులోకి దిగి గట్టిపడిపాయ. ఆ పొద్దు నుంచి ఆ బటను లోపలికి పోయింది పోయినట్టే ఉంది, పైకి రాదు. ఇదే చెప్పాలని మూడు రోజులు చూసినా. ఈ అబ్బాయి జరగమన్నాడు. జరిగినా."

మద్దిలేటి మెడ చాచి చూశాడు. కీబోర్డు మూల నల్లటి బటను ఒకటి, నెత్తిన ఎర్రటి బొట్టుతో, కిందికి దిగబడి ఉంది. దాన్ని నొక్కి పట్టుకుని ఈ కంప్యూటరు వేస్తే సెట్టింగుల పేజీకే పోతుంది. ఆ సంగతి మద్దిలేటికి తెలియక కాదు. దుకాణంలో ఎంతమందికి చెప్పి మెప్పు పొందాడో లెక్కలేదు.

గబుక్కున లేవబోయాడు.

ఉస్తాద్ అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అమ్మ ఇంకా చెప్తాంది."

నిజంగానే ఇంకా చెప్తోంది. ఆ రోజు చేసిన బొబ్బట్లు, వాటిలో బెల్లం ఎక్కువైన సంగతి, పక్కింటావిడ అయినా నాలుగు తినడం, అన్నీ వచ్చాయి. ఉస్తాద్ అన్నీ విన్నాడు. ఇద్దరూ వింటూ ఉండగానే ఆమె చెప్పడం అయిపోయింది.

"మరి ఏం చేద్దామన్నా?"

"సన్న సూది ఉందా అమ్మా?"

సుంకులమ్మ పకపకా నవ్వింది. "మగ్గం పనిచేసేదాన్ని పట్టుకుని సూది ఉందా అంటావేందన్నా?"

తనే సూది తెచ్చుకుంది. బటను చుట్టూ గట్టిపడిన పసుపును పూరేకు కుట్టినంత నేర్పుగా ఒక్కొక్క పలుకే పెళ్ళగించింది. అంత సున్నితంగా ఆ పని మద్దిలేటి చేయలేడు. ఆ మాట అతనికే తోచింది, తోచినందుకు ఆశ్చర్యం కూడా వేసింది. బటను టక్కున పైకి లేచింది.

ఆమె మీట నొక్కింది. నెమలి వచ్చింది. దాని వెనకే తీగలు, మామిడిపిందెలు, పన్నెండేళ్ళ పూలూ వరసగా వచ్చేశాయి.

సుంకులమ్మ రెండు చేతులూ చెంపలకానించుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. మద్దిలేటికి సిగ్గు వేసింది. ఆమె మురిపెం చూస్తుంటే నవ్వూ వచ్చింది. నవ్వే గెలిచింది.

"తప్పయిందమ్మా" అన్నాడు నవ్వుతూనే.

"తప్పేముందప్పా. మూడు రోజులు ఆ పెట్టె మోసి మోసి భుజం నొచ్చింటుంది, పాపం" అందామె. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

తిరుగుదారిలో మద్దిలేటి ఉస్తాద్ స్కూటరు నడుపుతున్నాడు. ఉస్తాద్ వెనక కూర్చున్నాడు. సగం దూరం వచ్చాక మద్దిలేటి నెమ్మదిగా అన్నాడు: "రేపు తెరవనులే ఉస్తాద్."

"ఏం? ఆమె కంప్యూటరు లేచింది కదా."

"లేపింది నేను కాదు కదా."

"నేనూ కాదు."

గాంధీచౌక్ దగ్గర ఆటోలు అడ్డం వస్తే స్కూటరు ఆగింది.

"కొత్త దుకాణానికి కుర్చీలు ఎన్ని తెచ్చినావు?" అని అడిగాడు ఉస్తాద్.

"ఒకటే. నాకు. గుండ్రంగా తిరిగేది."

"ఇంకోటి తెచ్చి రేపు తెరువు. అది నీదానికంటే మెత్తగా ఉండాల."

మద్దిలేటి స్కూటరు కుర్చీల అంగడి వైపు తిప్పాడు.