చెంగప్ప చెయ్యి, ఓబులేసు కళ్ళు

అనగనగా ఒక సంత. ఏ ఊళ్ళోనో అడక్కు బంగారూ, నాకు గుర్తులేదు. నేను చదివింది రెండో తరగతి. అదీ రెండుసార్లు చదివాను, అయినా పేర్లు నిలవవు. సంత శుక్రవారం శుక్రవారం జరిగేదని మాత్రం తెలుసు. వారాలు ఏడే కాబట్టి అదొకటి గుర్తుండిపోయింది.

ఆ సంతలో ఎండుమిరపకాయల రాశులకీ కుండల వరసకీ మధ్య చాప వేసుకుని, చెంగప్ప అనే ముసలాయన గారడీ చేసేవాడు. చాప మీద మూడు కొబ్బరిచిప్పలు, గోలీ అంత గచ్చకాయ ఒకటి. అదీ ఆయన సరంజామా. పక్కన ఆయన పెళ్ళాం మునెమ్మ మెళ్ళో చిన్న డోలు వేసుకుని వాయించేది.

చెంగప్ప గచ్చకాయని ఒక చిప్ప కింద పెట్టేవాడు. అప్పుడు మూడు చిప్పల్నీ అటూ ఇటూ గిరగిరా జరిపేవాడు. ఆ తర్వాత ఎత్తి చూస్తే కాయ ఉండేది కాదు. ఏ ముసలమ్మ కొంగుముడిలోనో, ఏ మేక చెవి వెనకో దొరికేది. మేకతో సహా అందరూ ఆశ్చర్యపోయేవాళ్ళు.

జనం దాన్ని కనికట్టు అనేవాళ్ళు. ఆయన నోట్లో ఏదో మంత్రం ఉందనీ, దాంతో కళ్ళు కట్టేస్తాడనీ నమ్మేవాళ్ళు. అందుకని తెలివైనవాళ్ళు పొద్దున్నే కళ్ళకి నందివర్ధనం పూలు అద్దుకుని మరీ సంతకొచ్చేవాళ్ళు. కళ్ళు చల్లబడితే కట్టు పట్టదట. నవ్వకు, నేనైనా అదే పని చేసేదాన్ని.

మంత్రమూ లేదు, మట్టీ లేదు. కాయ తియ్యాల్సిన సమయానికి చెంగప్ప ఒక నవ్వుల మాట వదిలేవాడు. నవ్వేటప్పుడు కళ్ళు సగం మూతపడతాయి కదా. లేకపోతే ఎవరో ఒకావిడని "ఏమ్మా, కోడలు మాట వింటోందా?" అని అడిగేవాడు. ఆవిడ ఆయన మొహంకేసి చూసేది, ఏం చెబుతుందోనని తక్కినవాళ్ళంతా ఆవిడకేసి చూసేవాళ్ళు. అదీ కుదరకపోతే మునెమ్మ డోలు మీద ఒక్క దెబ్బ గట్టిగా వేసేది. చూపు రెప్పపాటు పక్కకి పోతే చాలు, కాయ అరచేతిలోకొచ్చేసేది. నీకు కాకిని చూపించి కాకరకాయ ముద్ద నోట్లో పెట్టానే, అదీ ఈ విద్యే. నేను చాప వేసుకోలేదు, అంతే తేడా.

అలా నలభై ఏళ్ళు గడిచాయి. అప్పుడు చెంగప్ప కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. ఆయన పెళ్ళానికి చెప్పలేదు. అన్నం కలుపుకుంటుంటే మెతుకులు కంచం బయట పడుతున్నాయి, ఇంక వేరే చెప్పాలా? మునెమ్మ కూడా అడగలేదు. మెతుకులు ఏరి కోళ్ళకి వేసేది.

అదే సంతలో ఓబులేసని ఒక దర్జీ ఉండేవాడు. ఎవడి చొక్కాలో ఒక్క కుట్టు వదులైనా వీధి అవతలి నుంచి కనిపెట్టేవాడు. చెంగప్ప గుట్టు కూడా కనిపెట్టాలని అతనికి పట్టుదల. చెడ్డవాడు కాదు. కుట్టు కనబడితే విప్పి చూడాలని చేతులు దురద పెడతాయి, అంతే.

మొదటి శుక్రవారం, కాయ చెంగప్ప వేళ్ళ సందులోంచి జారి చాప మీద పడింది. జనం నవ్వారు. కావాలనే పడేసినట్టు చెంగప్ప కూడా నవ్వాడు.

రెండో శుక్రవారం ఓబులేసు ముందు వరసలో కూర్చున్నాడు. నవ్వుల మాటకి నవ్వలేదు. డోలు దెబ్బకి ఉలిక్కిపడలేదు. మెల్లగా "మామా, ఎడం చెయ్యి తెరువు" అన్నాడు. తెరిస్తే కాయ అందులోనే ఉంది. పిల్లలు ఈల వేశారు. ఈయన పని అయిపోయిందని కుండలమ్మే ఆవిడ పక్కావిడ చెవిలో అంది. పాపం గుసగుసగానే అంది గానీ, సంతలో అరిచి అరిచి అలవాటైన గొంతు కదా, ఆఖరి వరస దాకా వినబడింది.

ఇంటికి నడిచి వెళ్తూ చెంగప్ప అన్నాడు, "వచ్చే వారం కూడా దొరికిపోతే చాప చుట్టేస్తానే."

మరి ఏం చేస్తావని మునెమ్మ అడిగింది. మేకలు కాసుకుంటానన్నాడు. ఈయన్ని మేకలే కాయాలి అనుకుంది గానీ పైకి అనలేదు. ఒకసారి జ్వరమొచ్చి ఒక్క సంతకి వెళ్ళలేకపోతేనే, మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. చాప చుట్టేస్తే ఇంకేం మిగులుతాడు? ఆ వారమంతా ఆవిడకి అదే బెంగ.

మూడో శుక్రవారం వచ్చింది. సంత సంతంతా చాప చుట్టూ మూగింది. ఓబులేసు మళ్ళీ ముందు వరసలోనే కూర్చున్నాడు. చెంగప్ప కాయని మధ్య చిప్ప కింద పెట్టి, మీద చెయ్యి వేశాడు. అప్పుడు చెయ్యి వణికింది. ముందెప్పుడూ అంతలా వణకలేదు. చిప్ప చాపకేసి టకటకా కొట్టుకుంది. ఆయన ఎడం చేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. అయినా ఆగలేదు.

ఎవరూ నవ్వలేదు బంగారూ. కుండలావిడ కూడా.

అప్పుడు ఓబులేసు లేచాడు. చాప దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వణికే చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పావురాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని, అది నెమ్మదించేదాకా అలాగే ఉన్నాడు. మునెమ్మ డోలు పక్కకి తోసుకుని, చెంబుతో నీళ్ళు తెచ్చింది. వాళ్ళిద్దరి మధ్యా వంగి మొగుడికి తాగించింది. మళ్ళీ వెళ్ళి తన చోట నిలబడింది.

ఆ తర్వాత ఓబులేసు చాలా చిన్నగా అన్నాడు, "మధ్య చిప్ప కిందే ఉంది మామా, చూశాను. ఎత్తెయ్. ఏం కాదులే."

ఉందని చెంగప్పకీ తెలుసు. ఓడిపోయానని ఒప్పుకోవడానికే చిప్ప ఎత్తాడు.

కాయ లేదు.

కుడివైపు చిప్ప ఎత్తాడు, లేదు. ఎడమవైపుది ఎత్తాడు, అక్కడా లేదు. చెంగప్ప నోరు తెరుచుకుంది. గారడీ చూసి గారడీవాడే నోరు తెరవడం ఆ సంతలో అదే మొదలు.

అప్పుడు మునెమ్మ అంది, "నాయనా ఓబులేసూ, నీ జేబు చూసుకో."

ఓబులేసు జేబులో చెయ్యి పెట్టాడు. గచ్చకాయ బయటికొచ్చింది. తను కొలిచి తను కుట్టుకున్న జేబు. దాన్నీ కాయనీ మార్చి మార్చి చూసుకున్నాడు.

"ఎప్పుడు పెట్టావత్తా?"

"నువ్వు జాలిపడ్డావు చూడు, అప్పుడు."

ఓబులేసు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుల మాటకి నవ్వలేదు, డోలుకి బెదరలేదు, తీరా తన మంచితనమే తన కళ్ళు కట్టేసిందని అందరికీ వినబడేలా తనే చెప్పుకున్నాడు.

చెంగప్ప మాత్రం నవ్వలేదు. తల తిప్పి మునెమ్మకేసి చూస్తూ ఉండిపోయాడు. గారడీవాడి కళ్ళు ఎటు తిరిగితే జనం కళ్ళు అటు తిరుగుతాయమ్మా, ఆ విద్యలో అన్నిటికన్నా పెద్ద కిటుకు అదే. నలభై ఏళ్ళలో ఆయన ఆట మధ్యలో ఒక్కసారి కూడా అటు చూడలేదు, అందుకే డోలుకేసి చూసినవాళ్ళు కూడా ఆవిడని చూడలేదు. ఇప్పుడాయన చూశాడు. సంత మొత్తం చూసింది. మునెమ్మకి సిగ్గు ముంచుకొచ్చి డోలు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

చెంగప్ప లేచి వెళ్ళి ఆ డోలు తీసి తన మెళ్ళో వేసుకున్నాడు. "కూర్చో" అని చాప చూపించాడు. ఆవిడ కూర్చుని చిప్పలు సర్దుకుంది. ఆయన వణికే చెయ్యి డోలు మీద పెట్టాడు. పెట్టాడో లేదో, ఆగకుండా ఒకటే మోత, రేకుల మీద వాన పడ్డట్టు. కుర్ర చేతులకి ఎక్కడొస్తుంది అంత వేగం? ఓబులేసు చూపు ఒక్క క్షణం అటు పోయింది. పాపం, మళ్ళీ జేబు తడుముకోవాల్సి వచ్చింది.

కథ పోయె కంచికి,
కాయ పోయె సంచికి,
నీ కళ్ళు నిద్దరకి,
నా నడుము మంచానికి.