పెంటవ్వ చరణం

తాతల తాతలు తాటిచెట్లంత పొడుగున్న కాలంలో, వాగొడ్డున రేగడిపల్లెలో ఒక మెథడిస్టు క్రైస్తవ సంఘం ఉండేది. గుడి అంటే మట్టిగోడలు, రెల్లుకప్పు. అయితేనేం, అక్కడ పాట ఎత్తుకుంటే మూడు ఆమడల అవతల ఎడ్లు దున్నడం మాని నిలబడేవి. ఇది తగ్గించి చెప్పిన మాట.

ఊరంతటికీ చదువొచ్చినవారు ఒక్కరే, గుడిలో ఆరాధన నడిపే రత్నం అయ్యగారు. పాటల పుస్తకమూ ఒక్కటే. అయ్యగారు పుస్తకం చూసి చరణం పాడితే, జనం పల్లవి అందుకునేవారు.

గుమ్మం దగ్గర పెంటవ్వ కూర్చునేది. బర్రెలు కాసుకునే మనిషి. కుంటికాలు. కళ్లు బయట బర్రెల మీద, చెవులు లోపల అయ్యగారి మీద.

ఒక ఎండాకాలం అయ్యగారు కన్నుమూశారు. జనం మూడు రోజులు ఏడిస్తే ఎండిన వాగు పొర్లి పారింది. ఇదీ తగ్గించి చెప్పిన మాటే. పుస్తకం లేకుండా అయ్యగారు పైన ఏం పాడతారని, సంఘపెద్ద బక్కన్న ఆ ఒక్క పుస్తకాన్నీ ఆయన గుండెల మీద పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. శవపెట్టె మీద మన్ను పడింది.

ఆదివారం వచ్చాక గాని తెలియలేదు. పల్లవులు జనం నోట్లో ఉన్నాయి, చరణాలు మట్టిలో ఉన్నాయి.

మూడో ఆదివారం గుర్రమెక్కి పెద్దయ్యగారు వచ్చారు. ఆ చుట్టుపక్కల సంఘాలన్నీ ఆయన చేతికిందివే. తమంతట తాము ఆరాధన నడుపుకోగలిగితే సరేనని, లేదంటే వాగవతలి గుడిలో కలిపేస్తానని చెప్పారు. మూడు కోసుల నడక. పెంటవ్వ కాలు వాగు దాటదు. ఈ గుడి మూస్తే ఆమెకు ఇంకో గుడి లేదు.

బక్కన్న పల్లవి ఎత్తాడు. జనం పాడారు, చరణం దగ్గర ఆగారు. మళ్లీ పల్లవి. మళ్లీ ఆగారు. మూడోసారి ఆగేసరికి పెద్దయ్యగారు గొడుగు చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడు గుమ్మం దగ్గర చరణం లేచింది.

"నీకు అక్షరం ముక్క రాదు గదనే పెంటవ్వా," అన్నాడు బక్కన్న.

"ముప్పయ్యేండ్లు ఇంటే బర్రెకు గూడ వస్తది బిడ్డా," అని పెంటవ్వ మళ్లీ అందుకుంది.

మొదటి చరణానికి రెల్లుకప్పు లేచి నిక్కింది. రెండో చరణానికి బయట గుర్రం మోకాళ్లూనింది. మూడో చరణం సగంలో పెంటవ్వ ఆగి, రెండుసార్లు దగ్గి, మళ్లీ పాడింది. జనం నవ్వారు. పెద్దయ్యగారు నవ్వలేదు.

"ఇది రత్నం దగ్గు," అన్నారు మెల్లగా. "ఒకే బల్ల మీద చదువుకున్నాం. వాడికి ఊపిరి ఇక్కడే తెగేది."

"అయ్యగారు ఎట్ల పాడితె అట్లనే పాడిన," అంది పెంటవ్వ. "నడుమ ముక్క తీసెయ్యనీకె నేనెవర్తెను?"

పెద్దయ్యగారు గొడుగు కింద పెట్టి, నేల మీద కూర్చుని, ఒక్కో పాటా పాడించుకుని రాసుకున్నారు. పుస్తకమంతా అయ్యేదాకా ఆ రోజు పొద్దు గూకలేదు. ఇందులో తగ్గించడానికేమీ లేదు. గుడి ఎక్కడిదక్కడే ఉంది.

పెంటవ్వ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పుడది రాతిగుడి. ప్రతి చేతిలోనూ పుస్తకం. అయినా ఆ పాట మూడో చరణం సగానికి వచ్చేసరికి గుడి గుడంతా ఆగుతుంది. ముసలివాళ్లు, కొత్త పెళ్లికూతుళ్లు, చంకలో పిల్లలు, అందరూ రెండుసార్లు దగ్గుతారు. కొత్తగా వచ్చిన పాస్టరు కంగారుపడి మంచినీళ్లు తెమ్మంటాడు.

"నీళ్లెందుకయ్యగారూ," అంటారు జనం. "అది పాటలోదే."