వరహాలు మడత సైకిల్

పడుకున్నావా? దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. రేపు సైకిల్ కొనాలని పొద్దుట్నించీ ఇల్లు పీకి పందిరేశావు. ఎర్రది కావాలిట, పెద్దది కావాలిట, గంట ఊరంతా వినపడాలిట! సరే, కొందాంలే. ముందు ఈ కథ విను. ఊఁ కొట్టాలి మరి. కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి ఎటు చూసినా నీళ్ళే. గోదారి మధ్యలో లంకన్నమాట. ఆ లంకలో నరసన్న అని ఒక తాత, వరహాలు అని ఆయన మనవరాలు. తాతకి ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. పిల్లకి తాత తప్ప ఎవరూ లేరు.

అమ్మా నాన్నా ఏమయ్యారంటావా? చెప్తా, తొందరెందుకూ? నాన్న జ్వరమొచ్చి పోయాడు. అమ్మేమో ఏట్లో పోయింది. ఆ లంక నుంచి ఎటు వెళ్ళాలన్నా పడవే. ఒకసారి పడవలో ఒకామె పాలక్యాను సర్దుకోలేక అవస్థ పడుతోంది. అయ్యో పాపమని వరహాలు వాళ్ళమ్మ లేచి చెయ్యందించింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు లేచారు. అందరూ ఒక పక్కకే వచ్చేసరికి పడవ ఒరిగిపోయింది. మిగతావాళ్ళంతా ఈది బయటపడ్డారు. ఆ తల్లి మాత్రం పైకి రాలేదు. మంచి చెయ్యబోయే పోయింది నాయనా. అప్పటికి వరహాలుకి పాలపళ్ళు కూడా ఊడలేదు. అమ్మ ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు ఆ పిల్లకి.

ఆ రోజు నుంచి ఆ రేవులో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరి బరువు వాళ్ళే ఎక్కించుకోవాలి, వాళ్ళే దించుకోవాలి. కూర్చున్నవాళ్ళు లేవకూడదు. పక్కవాళ్ళ గంప మీద చెయ్యి వెయ్యకూడదు. పడవ నడిపే లోవరాజు ఈ ఒక్క విషయంలో కన్నతల్లి మాట కూడా వినేవాడు కాదు.

వరహాలుకి లంక బడిలో అయిదో తరగతి అయిపోయింది. ఆరో తరగతికి అవతలి ఒడ్డుకి వెళ్ళాలి. పడవ దిగి, ఏటిగట్టెక్కి, అక్కణ్ణించి బోలెడు దూరం. నడిచి వెళ్తే సగం పాఠాలు అయిపోతాయి. అందుకే లంకలో ఆడపిల్లలు అయిదుతోనే ఆగిపోయి గంపలెత్తుకునేవాళ్ళు. "నా వరహాలు ఆగదు" అన్నాడు తాత. మామూలు సైకిల్ కొందామంటే, ఆ గంపల మధ్య పడవలో పట్టదు. అవతలి ఒడ్డున ఉంచేద్దామంటే అక్కడ ఇసక తప్ప ఇల్లా, వాకిలా? అప్పుడెవరో చెప్పారు, నడుం దగ్గర మడిచి చేత్తో పట్టుకుపోయే సైకిళ్ళు వచ్చాయని. మడత సైకిల్!

అప్పుడు తాత పిల్లని తీసుకుని టౌన్లో సైకిల్ కొట్టుకి వెళ్ళాడు. కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది ఎంచాడు. ఎందుకూ? "ఎదిగే పిల్ల కదా!" అన్నాడు. మీ అమ్మ నీకు బడి లాగూ కొన్నప్పుడూ ఇదే మాటంది, అది నీకు నాలుగు నెలలు జారిపోతూనే ఉండేది. అలాగే ఆ సైకిల్ మీద వరహాలు కాలివేళ్ళు మాత్రమే తొక్కుడుకి అందాయి. తాత దాన్ని మడిచి ఒక్క చేత్తో పైకెత్తాడు. "ఓస్, ఇంతేనా!" అని నవ్వాడు.

ఇక రోజూ అదే పని. తాతే మడిచేవాడు, తాతే పడవెక్కించేవాడు, అవతల తాతే దించేవాడు. పిల్ల బడికి వెళ్తే తను వెనక్కొచ్చి పాదులకి నీళ్ళు పోసుకుని, సాయంత్రం మళ్ళీ వెళ్ళేవాడు. ఊళ్ళోవాళ్ళు "ఏం నరసన్నా, నువ్వూ ఆరో తరగతేనా?" అని ఏడిపించేవాళ్ళు. ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఆ తర్వాత వానలు పట్టాయి. తాతకి రొంప పట్టి, దగ్గు పట్టి, మంచం దిగలేకపోయాడు. ఆ రోజే పిల్లకి పరీక్ష, నడిచి వెళ్తే అందదు. వరహాలు సైకిల్ని రేవు దాకా నడిపించుకెళ్ళి, మడిచి ఎత్తబోయింది. మోకాళ్ళ దాకా వచ్చింది, ఆ పైకి రాలేదు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ జారింది. పడవలో ఆడవాళ్ళందరూ చూస్తూనే ఉన్నారు, కానీ ఒక్కరూ లేవలేదు. ఎలా లేస్తారు? అక్కడ మునిగిపోయింది ఆ పిల్ల తల్లే కదా. లోవరాజు కాసేపు చూసి, "అమ్మలూ, పొద్దెక్కుతోందే" అని గెడ వేశాడు. పడవ వెళ్ళిపోయింది.

పిల్ల ఇంటికొచ్చి, "తాతా, నన్నొదిలేసి పడవెళ్ళిపోయింది" అంది. అంత పెద్దాయనా గోడవైపు తిరిగి ఏడ్చాడు.

కాస్త కోలుకోగానే తాత మళ్ళీ కొట్టుకి పోయి ఆ సైకిల్ ఇచ్చేసి, ఈసారి అన్నిట్లోకీ బుల్లిది ఎంచాడు. "ఇది నీకు బరువుండదులే" అన్నాడు. మడత దగ్గర ఒక గొళ్ళెం ఉంటుంది. తాత బొటనవేలితో నొక్కితే అది టక్కుమని పడింది. బాగుందనుకున్నాడు. పిల్ల నొక్కితే పడుతుందా లేదా అని చూడలేదు.

మర్నాడు వరహాలు తనే మడిచింది, తనే ఎత్తింది, తనే ఎక్కింది. ఊరంతా సంతోషించింది. ఏటి మధ్యకి వెళ్ళేసరికి ఆ గొళ్ళెం ఊడి సైకిల్ బారున విచ్చుకుంది! హ్యాండిల్ వెళ్ళి ఒక ముసలాయన మోకాలికి తగిలింది. ఆయన కెవ్వుమన్నాడు, నలుగురు లేవబోయారు, పడవ ఊగింది. "కదలకండి!" అని లోవరాజు ఒక్క అరుపు అరిచాడు. ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అవతలి ఒడ్డు చేరాక లోవరాజు గెడ పక్కన పెట్టాడు. "ఈ సైకిల్ ఇంక నా పడవెక్కకూడదమ్మా" అన్నాడు.

ఊఁ కొట్టవేం? భయమేసిందా? ఎవరికీ ఏమీ కాలేదులే. ఇలా దగ్గరకి జరుగు.

ఆ సాయంత్రం తాత అరుగు మీద కూర్చుని తన రెండు చేతులూ చూసుకున్నాడు. "తప్పు సైకిళ్ళది కాదే అమ్మలూ. రెండుసార్లూ ఈ చేతులతోనే ఎంచాను. మోసేది నువ్వైతే నా చేతులతో ఎంచడమేంటి, నా బుద్ధి మండా!" అన్నాడు.

అప్పుడు మూడోసారి కొట్టుకెళ్ళారు. గుమ్మంలోనే తాత కండువా తీసి, చేతులు వెనక్కి పెట్టి, పిల్లచేత గట్టిగా కట్టించుకున్నాడు. కొట్టతను పకపకా నవ్వి, "ఏం తాతా, దొంగతనం చేశావా?" అన్నాడు. "ఇవి ఊరుకోవయ్యా, పిల్ల కష్టపడితే ముందుకొచ్చేస్తాయి. అందుకే కట్టేశాను" అన్నాడు తాత. కొట్టతను ఇంక నవ్వలేదు.

వరహాలు ఒక్కోటీ మడిచింది, గొళ్ళెం నొక్కింది, ఎత్తింది, మెట్టు దిగింది, మెట్టెక్కింది. ఒకటి బరువు. ఒకటి వంకర. ఒకదాని సందులో వేలు నలిగి రక్తమొచ్చింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళతో తాతవైపు చూసింది. కండువాలో తాత చేతులు గింజుకున్నాయి. అయినా ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఊదుకో అమ్మా, ఇంకోటి చూడు" అన్నాడు. నాకు తెలిసి ఆ ముసలాయన ఆ రోజు మోసినంత బరువు జన్మలో మోసి ఉండడు.

చివరికి మూల ఉన్న ఒక మట్టిరంగు సైకిల్ దగ్గర ఆగింది. గంట లేదు, బుట్ట లేదు, చూడ్డానికి ఏ సొగసూ లేదు. కానీ గొళ్ళెం ఆ పిల్ల వేళ్ళకి టక్కుమంది. ఎత్తితే గుండెల దాకా వచ్చింది. "తాతా, ఇదే" అంది. తాత చేతుల కట్లు విప్పించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చాక తాత సీటు ఊడబీకి, దాని కింది గొట్టం మీద కొడవలి మొనతో గీట్లు గీశాడు. "ఏంటి తాతా అవి?" అని అడిగింది పిల్ల. "ఎదిగే పిల్లవి కదా. వచ్చే ఏడు సీటు ఈ గీటుకి లేపుకో. ఆ పై ఏడు దీనికి. ఈ అన్నిటికంటే పైది ఉందే, అది మీ అమ్మకి సరిపోయే ఎత్తు. నీకు మీ అమ్మ పొడుగే వస్తుంది" అన్నాడు. "నువ్వు లేపవా?" అంది పిల్ల. "తాటిచెట్టెక్కేవాణ్ణి ఎందాకా ఎగదొయ్యగలమే?" అన్నాడు తాత.

ఆ ఏడు మామిడి పూత రాకముందే తాత పోయాడు.

ఏడవకు నాన్నా. ఏడిస్తే ఏడువులే, నాకూ ఇక్కడికొచ్చేసరికి ఏడుపొస్తుంది.

పెద్దకర్మ అయ్యాక ఊళ్ళో అందరూ అనుకున్నారు, ఇంక ఆ పిల్ల బడి మానేస్తుందని. మర్నాడు పొద్దున్నే వరహాలు రేవుకొచ్చింది. సైకిల్ మడిచింది. గొళ్ళెం టక్కుమంది. గుండెలకి ఎత్తుకుని, పడవెక్కడానికి వేసిన బల్ల మీద కాలేసింది. బల్ల ఊగింది. పడవలో ఆడవాళ్ళందరూ చేతులు కొంగుల్లో చుట్టేసుకున్నారు, ఎక్కడ ముందుకి సాగిపోతాయో అని. కట్టుబాటు విషయంలో కన్నతల్లి మాట కూడా వినని లోవరాజు కూడా గెడని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల ఎక్కింది. కూర్చుంది. "పోనీ మావయ్యా" అంది. పడవ కదిలింది.

ఆ తర్వాత ఏడాదికో గీటు చొప్పున సీటు పైకి లేచింది. పదో తరగతి ఆఖర్లో పైనున్న గీటుకి లేపుకుని ఎక్కి కూర్చుంటే, కాళ్ళు తొక్కుడుకి సరిగ్గా సరిపోయాయి. వాళ్ళమ్మ ఎంత పొడుగుండేదో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. ఏటిగట్టు మీద సైకిలాపి ఒక్కసారి "అమ్మా" అని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, పరీక్షకి వెళ్ళింది.

అదిరా కథ. రేపు కొట్లో నేను కుర్చీలో కూర్చుంటాను. నువ్వే ఎక్కి చూడాలి, నువ్వే ఎంచాలి. నా వైపు చూడకు, నా చేతులు అసలే ఊరుకోవు. పొద్దున్నే గుర్తుచెయ్యి, కొంగుతో కట్టేసుకుంటాను.

పడవ పోయె రేవుకి,
పిల్ల పోయె బడికి,
కథ పోయె కంచికి,
మనం పోదాం నిద్దరకి.