నల్ల స్పాంజి

ఓబులేసు నాలుగోసారి చచ్చిన చేపల్ని కాగితంలో చుట్టుకొని మౌలాలి తాత అంగడికి వచ్చాడు. పొట్లాన్ని తాత ముందు పెట్టలేదు, విసిరాడు. అది కుడుతున్న పరుపు మీద పడి విడిపోయింది. రెండు బంగారు చేపలు. మొప్పలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"చూడు తాతా! ఆదివారం తొట్టి కడిగినా, బుధవారానికి చచ్చినాయి. ఆ చేపలంగడోడు రోగపు చేపలు అమ్ముతాండాడు. వాణ్ణి నువ్వు శపిస్తావా, నన్నే పోయి చెప్పు తీసుకొని కొట్టమంటావా?"

తాత సూది ఆపలేదు.

"పరుపు గిరాకీది. ముందు ఆ చేపల్ని తియ్యి," అన్నాడు.

మౌలాలి తాత పరుపులూ దిండ్లూ కుట్టి బతికేవాడు. దూదేకుల ఇంటివాడు. వాళ్ళది సూఫీల దారి. తండ్రి తర్వాత ఆయనా ఆ అంగట్లోనే కూర్చుని, వచ్చినవాళ్ళకు తోచింది చెప్పేవాడు. గురువారం సాయంత్రం లారీ డ్రైవర్లు, కూరగాయలమ్మే ఆడవాళ్ళు, నాలాంటి చదువుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు దూది మూటల మీద చేరేవాళ్ళం. గురువు అంటే శాంతమూర్తి అని ఎవరు పుట్టించారో గానీ, క్యాలెండరు బొమ్మల్లో తప్ప నేనైతే అట్లాంటి గురువును చూడలేదు. మౌలాలి తాతకు కోపం ముక్కు మీద ఉండేది. ఒకసారి దూదిలో తడి దూది కలిపి అమ్మిన వ్యాపారిని బజారంతా వినపడేట్టు తిట్టి, ఆ నోటితోనే ప్రార్థనకు కూర్చున్నాడు. అడిగితే, "పైనుండే ఆయనకు రెండూ వినపడినాయిలే," అన్నాడు.

సరే, ఓబులేసు సంగతి. అతను శానిటరీ ఇన్‌స్పెక్టరు. నిజాయితీపరుడు, ఎవరి దగ్గరా చెయ్యి చాచేవాడు కాడు. ఏ వీధిలో కాలువ పూడిందో అతనికి నిద్రలో అడిగినా తెలుసు. అంతవరకు బాగానే ఉంది. కానీ కొందరు ఉద్యోగాన్ని ఆఫీసులో వదిలి రారు, ఇంటికి తెచ్చుకుంటారు. అతని ఇల్లు ఆస్పత్రి కంటే శుభ్రం. ఆస్పత్రికైనా జనం వస్తారు, ఆ ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు.

పిల్లలు లేరు. భార్య రంగనాయకి పిల్లిని తెచ్చుకుంటానంటే వెంట్రుకలు రాలతాయన్నాడు. పూలకుండీ పెట్టుకుంటే మట్టి రాలుతుందని మేడ మీదికి పంపించాడు. చివరికి చేపలైతే నీళ్ళల్లోనే పడి ఉంటాయి గదా అని ఒప్పుకున్నాడు. ఆమె ముచ్చటపడి ఒక అద్దాల తొట్టి, ఎనిమిది చేపలు తెచ్చుకుంది. మధ్యాహ్నం పనైపోతే స్టూలు వేసుకొని వాటి ముందు కూర్చునేది. నాలుగు నెలల్లో ఏడు పోయాయి. ఇక మిగిలింది ఒకటి, గుడ్లు బయటికి పొడుచుకొచ్చిన నల్ల చేప.

"అదిగూడా పైకొచ్చి నోరు తెరుస్తాండాది తాతా," అన్నాడు ఓబులేసు. "మా ఆమె చెప్పేసింది. 'ఇది గూడా చచ్చిందంటే నేను మా అన్న ఇంటికి పోతా. నువ్వు ఈ ఇల్లు కడుక్కుంటా కూర్చో' అనింది. ఆమె ఊరికే అనే మనిషి కాదు."

తాత అప్పుడు తల ఎత్తాడు.

"ఎట్ల కడిగినావు?"

"ఎవరు కడుగుతారు నా మాదిరి? రాళ్ళు ఉడకబెట్టినా. అద్దాలు బ్లీచింగు పెట్టి తోమినా. ఫిల్టరు స్పాంజిని సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసినా. పాత నీళ్ళు చుక్క లేకుండా పారబోసినా. నా తొట్టి నీళ్ళు గ్లాసులో పోసుకొని తాగొచ్చు!"

"అయితే నువ్వు తాగు. చేపను నాకిచ్చెయ్యి."

దూది మూట మీద కూర్చున్న నేను నవ్వాను. ఓబులేసు నా వైపు చూసిన చూపుకు ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

అంగడి మూలలో తాతకు కూడా ఒక తొట్టి ఉండేది. ఎవరో ఊరు వదిలిపోతూ ఇచ్చి వెళ్ళారు. అద్దాలకు పాచి. ఫిల్టరు పాడైతే, పరుపుల్లో పెట్టే స్పాంజి ముక్క ఒకటి కోసి గాలి గొట్టానికి కట్టాడు. ఆ ముక్క నల్లబడి జిగటగా తయారైంది. లోపల నాలుగు చేపలు బలిసి తిరుగుతుండేవి. ఆ తొట్టిని చూసినప్పుడల్లా ఓబులేసు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఆరోజు మాత్రం వేలెత్తి చూపించాడు.

"నీదీ అదే చేపలంగడి, నాదీ అదే. నీదీ అదే కొళాయి, నాదీ అదే. నీ తొట్టి చూస్తే నాకు కడుపులో తిప్పుతాది. అందులో ఆరేండ్లుగా బతుకుతాండాయి. నా ఇంట్లో మూడు దినాలు బతకవు. ఏం మంత్రం ఏసినావో చెప్పు!" ఊపిరి తీసుకొని మళ్ళీ అందుకున్నాడు. "నువ్వు చెప్పవు. నాకేదీ చెప్పవు. మూడేండ్ల నుంచి చిల్లా ఇయ్యమని అడుగుతాండా. ఆ లారీ డ్రైవరు మొన్న వచ్చినాడు, వానికి ఇచ్చినావు. వాడు నోరు తెరిస్తే గుట్కా కంపు! ఈ అంగట్లో నాకంటే శుభ్రంగా ఉండేవాడు ఎవడు?"

చిల్లా అంటే నలభై రోజుల దీక్ష. ఒకచోట కూర్చుని, గురువు చెప్పిన పద్ధతిలో మనసు నిలుపుకోవాలి. అడిగితే ఇచ్చేది కాదు. గురువుకు తోచాలి.

తాత సూదిని పరుపులో గుచ్చి లేచాడు. ముఖం ఎర్రగా ఉంది. నేరుగా తొట్టి దగ్గరికి పోయి, మోచేతి దాకా చెయ్యి ముంచి, ఆ నల్ల స్పాంజిని పీకాడు. చెంబుడు తొట్టి నీళ్ళలో దాన్ని వేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి నడిచాడు.

"యాడికి తాతా?" అన్నాడు ఓబులేసు.

"నీ ఇంటికి. నోరు మూసుకొని రా."

పట్టపగలు పన్నెండు గంటలు. మా ఊరి ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ముందు తాత, వెనక ఓబులేసు, ఆ వెనక నేను. నాకు పని ఏమీ లేదు. అయినా ఏం జరుగుతుందో నాకు కొంత తెలుసనిపించింది. డిగ్రీలో మాకు కెమిస్ట్రీ చెప్పిన అధ్యాపకుడు నైట్రోజన్ చక్రం అని బోర్డు మీద గుండ్రంగా ఒక గీత గీసేవాడు. చేప విసర్జించేదే దానికి విషమవుతుందనీ, ఆ విషాన్ని తిని బతికే సూక్ష్మజీవులు ఉంటాయనీ చెప్పేవాడు. నేను పరీక్షలో అదే గుండ్రం గీసి పదికి ఎనిమిది తెచ్చుకున్నాను. గుండ్రం గీయడం వచ్చింది, అంతే. ఆ జీవులు ఎక్కడుంటాయో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏళ్ళ తరబడి మార్కులేసి మమ్మల్ని ఏం చేశారో తలచుకుంటే ఇప్పటికీ నాకు మంటగా ఉంటుంది.

గుమ్మం దగ్గర బక్కెట్టు, మగ్గు, సబ్బు ఉన్నాయి. రంగనాయకి తలుపు తీసింది.

"రా తాతా. కాళ్ళు కడుక్కో, లేకుంటే ఈయన నిన్నుగూడా బ్లీచింగులో నానబెడతాడు."

తాత కాళ్ళు కడుక్కోలేదు. తెల్లటి గచ్చు మీద మట్టి అడుగులు వేసుకుంటూ లోపలికి పోయాడు. ఓబులేసు ఆ అడుగుల్ని చూసి పళ్ళు కొరికాడు.

తొట్టి హాల్లో ఉంది. ఏం తొట్టి! అద్దం ఉందా లేదా అన్నంత తేటగా ఉంది. నీళ్ళపైన నల్ల చేప నోరు తెరుస్తూ మూస్తూ గాలికి అల్లాడుతోంది.

తాత చెంబులోని స్పాంజిని తీశాడు. రెండు చేతులతో తొట్టి మీద పట్టుకున్నాడు. పిండాడు.

నల్లటి చిక్కటి మడ్డి నీళ్ళలోకి దిగింది. పొగలా పాకింది. రెండోసారి పిండాడు. తెల్లరాళ్ళు కనపడకుండా పోయాయి. మూడోసారి పిండేసరికి చేప కూడా కనపడలేదు.

"ఏయ్ ముసలోడా!"

ఆ కేక ఓబులేసుది. ఉరికి వచ్చి తాత మణికట్టు పట్టుకున్నాడు. "బుద్ధుందా నీకు? గురువని నెత్తిన పెట్టుకుంటే నా ఇంట్లోకి వచ్చి మురిక్కాలువ పిండుతావా? చంపినావు! ఉన్న ఒక్కదాన్నీ చంపినావు! ఇంక మా ఆమె..." మాట పూర్తి కాలేదు. రెండో చెయ్యి పైకి లేచింది. కొడతాడనే అనుకున్నాను. రంగనాయకి "ఓయ్!" అని అరిచింది. ఆ చెయ్యి అట్లాగే గాల్లో ఆగింది.

తాత చెయ్యి విడిపించుకోలేదు.

"కొట్టేదుంటే కొట్టు, మళ్ళ మాట్లాడుకుందాం," అన్నాడు. "ఏడు ప్రాణాలు తీసినావు. ఒక్కదానికన్నా కోపమొచ్చిందా నీమీద నీకు? అంగడోని మీద కోపం. డ్రైవరు మీద కోపం. ఇప్పుడు నా మీద. చిల్లా కావాల్నా నీకు? ఇస్తాండా, తీసుకో. ఈరోజే మొదలు. నలభై దినాలు పొద్దున గంట, సాయంత్రం గంట ఈ తొట్టి ముందర కూర్చో. గుడ్డ పెట్టొద్దు. బ్రష్షు పెట్టొద్దు. వారానికొకసారి ఒక బిందె తీసి, రెండు దినాలు నిలవబెట్టిన నీళ్ళు ఒక బిందె పొయ్యి. అంతకు మించి వేలు పెట్టినావంటే నా అంగడి మెట్టెక్కొద్దు."

ఓబులేసు చెయ్యి దించాడు. రొప్పుతున్నాడు.

"ఏ నామం జపించాల?" అన్నాడు పళ్ళ సందునుంచి.

"నన్ను తిట్టుకో. నీకు నోటికొచ్చింది అదే గదా."

స్పాంజిని గాలి గొట్టానికి కట్టి, చెంబు తీసుకొని తాత వెళ్ళిపోయాడు.

మరుసటి రోజుకు మడ్డి కిందికి దిగింది. మూడో రోజుకు నీళ్ళు తేటపడ్డాయి. రాళ్ళ మీద మాత్రం నల్లటి పొర నిలిచింది. నేను రోజూ వెళ్ళి చూసేవాణ్ణి, అంత పని లేని మనిషిని. మళ్ళీ బుధవారం వచ్చింది, పోయినవారం రెండు చేపలు చచ్చిన రోజు. ఆరోజు ఓబులేసు సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. రంగనాయకి వంట కూడా చేయలేదు. సాయంత్రం నాలుగైంది. నల్ల చేప పైనుంచి దిగింది. రాళ్ళ దగ్గరికి పోయి, ఆ మురికి పొరలో మూతి పెట్టి, ఏదో ఏరుకుంది.

రంగనాయకి లేచి పోయి పొయ్యి వెలిగించింది.

చేప బతికితే మనిషి చల్లబడతాడని మీరనుకుంటారు. లేదు. అతని కోపం పెరిగింది. రెండోవారానికి అద్దాలకు పాచి పట్టడం మొదలైంది. తాను అన్నేళ్ళు పోరాడిన వస్తువు తన హాల్లోనే పెరుగుతుంటే, రోజుకు రెండు గంటలు దాన్ని చూస్తూ కూర్చోవాలి. అరచేతులు దురద పెడుతున్నాయని నాతో అన్నాడు. నిజంగానే గోక్కునేవాడు. రంగనాయకి వంటింట్లోంచి తొంగి చూసి, "చేపా ఈయనా ఒకర్నొకరు గుడ్లురిమి చూసుకుంటాండారు, ఎవరు గెలుస్తారో ఏమో," అనేది.

ఇరవై మూడో రోజు సందు మొదట్లో ఉండగానే నాకు కేకలు వినపడ్డాయి. లోపలికి పోయేసరికి ఓబులేసు అంట్లు తోమే పీచు పట్టుకొని తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. మోచేతి దాకా చొక్కా మడిచాడు. తాతనూ తాత వంశాన్నీ తిడుతున్నాడు. చెయ్యి నీళ్ళకు జానెడు దూరంలో ఉంది.

రంగనాయకి వంటింటి గడప మీద నిలబడింది. అరవలేదు.

"పెట్టు చెయ్యి. నా సంచి సర్దుకునేదానికి పది నిమిషాలు పడతాది. ఎనిమిది చేపలూ నేను తెచ్చుకుంటి. ఒక్కటి చచ్చినప్పుడన్నా నా దిక్కు చూసినావా? సబ్బు యాడుందే అని అడిగినావు."

అతను పీచును గోడకేసి కొట్టాడు. తెల్లగోడ మీద తడి మరక పడింది. అతను దాన్ని తుడవకుండా స్టూలు మీద కూలబడి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. నేను చప్పుడు కాకుండా బయటికి వచ్చేశాను. భార్యాభర్తల మధ్య నిలబడి చూసేంత సిగ్గుమాలినవాణ్ణి కాను. వీధిలో నిలబడి కాసేపు విన్నాను గానీ, ఏమీ వినపడలేదు.

నలభయ్యో రోజు తాత వచ్చాడు. స్టూలు లాక్కొని తొట్టి ముందు కూర్చున్నాడు. అద్దానికి పచ్చటి పొర. దాని వెనక నల్ల చేప నిగనిగలాడుతూ తిరుగుతోంది. కొంచెం ఒళ్ళు కూడా చేసింది.

"ఆ మడ్డిలో ఏముండాది తాతా?" అన్నాడు ఓబులేసు. ఇంకా కోపంగానే అడిగాడు.

"అందులో అమ్మోనియా అనే ఆ విషాన్ని తినే జీవులు..." అని నేను మొదలుపెట్టాను.

"నువ్వు పరీక్ష పాసయినావులే, ఊరుకో," అన్నాడు తాత.

ఓబులేసు తొట్టి అద్దం వైపు చూశాడు. ఆగలేకపోయాడు.

"నలభై దినాలైపాయ. నువ్వు చెప్పినట్లే చేసినా. ఒక్క మాట చెప్పు చాలు. ఈ తొట్టిని మళ్ళా పూర్తిగా, రాళ్ళతో సహా, ఎప్పుడు కడగాల?"

తాత లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"చేప చచ్చినాక. అప్పుడు తీరిగ్గా కడుక్కో," అన్నాడు.

వెనక రంగనాయకి, "వింటివా?" అంది.

ఓబులేసు విసురుగా ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. అట్లాగే చాలాసేపు ఆమెను చూశాడు. స్టూలును ఆమె వైపు జరిపాడు.