నాలుగో ఫిర్యాదు

ఒకానొక రాజ్యంలో, పేరు మణిగిరి అనుకోండి, ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. మీసాలు మూరెడు, బిరుదులు బారెడు, గుండె మాత్రం గుప్పెడు.

ఆయన్ని దిగులు జలగలా పట్టుకుంది. పైకప్పు కూలుతుందేమోనని నెల్లాళ్ళు తోటలో డేరా వేయించుకుని పడుకున్నాడు. వంటవాడు విషం కలుపుతాడేమోనని, ముగ్గురు రుచి చూశాక చల్లారిన అన్నం తినేవాడు. పొరుగు రాజు దండెత్తుతాడేమోనని కోట తలుపులు మూయించాడు. తీరా వచ్చింది ఆ రాజుగారి ఇంటి పెళ్ళి శుభలేఖ.

విజయదశమి ఊరేగింపు నాటి ఉదయం కొత్త దిగులు పుట్టింది. "ఏనుగు మదమెక్కి నన్ను కింద పడేస్తే? దాన్ని అడవికి తోలండి! మావటివాణ్ణి పొలిమేర దాటించండి!" అని ఆజ్ఞాపించాడు.

మావటి ఎర్రప్ప పరుగున వచ్చి ఆస్థాన విదూషకుడు కేశన కాళ్ళ మీద పడ్డాడు. "అయ్యా, పన్నెండేళ్ళుగా అది ఒక్క అడుగు తప్పలేదు. నా చేతి ముద్ద లేందే తినదు. అడవిలో చచ్చిపోద్ది. తమరే కాపాడాల!"

కేశన అతణ్ణి లేవనెత్తాడు. రాజుకు ఎదురు చెబితే తల దక్కదని కేశనకు తెలుసు. అయితే మణిగిరిలో రాజు స్వయంగా పెట్టిన కట్టడి ఒకటుంది. మూడుసార్లు అబద్ధపు ఫిర్యాదు చేసినవాడి మాట నాలుగోసారి చెల్లదు. తనంత తీర్పరి భూమ్మీద లేడని రాజుకు మహా గర్వం. కేశన ఆ గర్వాన్నే నమ్ముకుని, ఎర్రప్పను వెంటబెట్టుకుని సభకు వెళ్ళాడు.

"ప్రభూ, ఎర్రప్పను పంపేముందు ఒక్క తగవు. ఈ ఊళ్ళో ఒకడు ఇల్లు కూలుతుందని ఫిర్యాదు చేశాడు. ఇల్లు నిక్షేపంగా ఉంది."

"అబద్ధం ఒకటి!" అన్నాడు రాజు, మీసం దువ్వుతూ.

"అన్నంలో విషమన్నాడు. తిన్నవాళ్ళంతా గుండ్రాళ్ళలా ఉన్నారు. దొంగలు పడతారన్నాడు. చుట్టాలొచ్చారు."

"మూడు! మరి నాలుగోది?"

"ఒక అమాయకుడి మీద, ప్రభూ. వాడింకా ఏ తప్పూ చేయలేదు. చేస్తాడేమోనట!"

తీర్పు చెప్పే హుషారులో రాజుకు అది తన కథేనని తట్టలేదు. సింహాసనం దద్దరిల్లేలా చరిచాడు. "ఫిర్యాదు చెల్లదు! అమాయకుణ్ణి వదిలేయండి! ఎవడా అబద్ధాలకోరు?"

కేశన ఒక అడుగు ముందుకు వేశాడు. చేతులు జోడించి చెప్పేశాడు. "తమ దిగులే, ప్రభూ. ఆ అమాయకుడు ఎర్రప్ప."

రాజు ముఖం ఎర్రబడింది, తర్వాత వాడింది. చివరికి నెమ్మదిగా అన్నాడు. "కేశనా, ఆ దిగులు రేపు మళ్ళీ వస్తుందయ్యా. రావద్దంటే వినదు."

"రానివ్వండి ప్రభూ. ఫిర్యాదు చేయడం దాని పని. తీర్పు చెప్పడం తమ పని."

రాజు ఒక్క క్షణం ఆలోచించి, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఎన్నేళ్ళ తర్వాతో గుండెల మీది బరువు దిగినట్టయింది. చేతి కంకణం తీసి కేశనకు తొడిగాడు, భుజం మీది శాలువా ఎర్రప్పకు కప్పాడు.

ఆ సాయంత్రం రాజు అంబారీ ఎక్కాడు. కాళ్ళు వణికాయి. వణుకుతూనే ఎక్కి కూర్చుని, "పోనీ ఎర్రప్పా!" అన్నాడు.